ముక్కు ఒకరిది, నాలుక ఒకరిది

నేను ఒక ఎర్ర ద్రాక్షసారాను. ఆ మాట వినగానే మీలో సగం మంది ముఖం తిప్పుకుంటారని తెలుసు, మిగతా సగం మంది కుర్చీ ముందుకు జరుపుకుంటారనీ తెలుసు. ఇద్దరూ కాసేపు కూర్చోండి. మిమ్మల్ని తాగమని నేనడగను. అడిగినా, తాగించే యోగం నాకిప్పుడు లేదు. వైన్ అనడం అలవాటైతే అలాగే పిలవండి, పేరు గురించి నాకు పట్టింపు లేదు. పుట్టుక గురించి మాత్రం ఉంది. గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఎక్కడి నుంచి వచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోట మాట రాదు, అందుకని.

ఆస్ట్రేలియా దేశపు దక్షిణపు అంచున, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక సున్నపురాతి గట్టు ఉంది. దాని మీద మోకాలి లోతు కూడా లేని ఎర్రమట్టి. ఆ మట్టి కిందంతా తెల్లటి రాయి. రాయి అంటున్నాను గానీ అది రాయి కాదండీ, ఒకప్పటి సముద్రం. లక్షల ఏళ్ల కిందట బతికిన గుల్లలు, నత్తలు, పేరు పెట్టడానికి మనిషే పుట్టని రోజుల్లో ఈదిన జీవాలు చచ్చి, ఒకదాని మీద ఒకటి పడి, బిగుసుకుని అలా అయ్యాయి. నన్ను కన్న తీగ నీళ్లు వెతుక్కుంటూ ఆ రాతి నెర్రెల్లోకి వేరు దించింది. ఒకచోట ఆ వేరు ఒక గవ్వ కడుపులోంచి దూరి అవతలికి వెళ్లింది. అమ్మ కడుపులో ఉన్నప్పటి సంగతులు గుర్తుండవంటారు మనుషులు. నాకది గుర్తుంది. కింద చచ్చిన సముద్రం, పక్కన బతికున్న సముద్రం, ఆ రెంటి మధ్య గుత్తులుగా వేలాడాను నేను. పగలు ఎండ కాసేది, సాయంత్రమయ్యేసరికి దక్షిణపు గాలి ఉప్పును మోసుకొచ్చి నా తొక్కమీద రుద్ది పోయేది. అబ్బ, ఏమి బతుకది!

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను ఒక్కరిని కాదు, ముగ్గురిని. మూడు ద్రాక్ష జాతులు. కాబర్నే అని ఒకటి, బిర్రబిగుసుకుని కూర్చునే రకం. షిరాజ్ అని రెండోది, వచ్చీరాగానే అందరితో కలిసిపోతుంది. మాల్బెక్ అని మూడోది, మాట తక్కువ, రంగు ఎక్కువ. ముగ్గురినీ వేరువేరుగా కోసి, వేరువేరు పీపాల్లో పులియబెట్టి, ఏడాదిన్నర తర్వాత ఒకచోట కలిపారు. ఆ కలపడంలోనే నా కథంతా ఉంది.

పెంపకం సంగతి చెప్పి అక్కడికి వస్తాను. ఆ తోటలో పురుగుమందు చుక్క వాడరు, బస్తా ఎరువు వేయరు. బయోడైనమిక్ సేద్యం అంటారు. పేరుకు నోరు తిరగదు గానీ పని మీకు మరీ కొత్తేమీ కాదు. చలి ముదరకముందే ఆవుకొమ్ముల్లో పచ్చిపేడ కూరి మట్టిలో పాతిపెడతారు. చలి పోయాక తవ్వి తీస్తే పేడవాసన పోయి, అడవిలో ఆకు కుళ్లిన మట్టివాసన వేసే నల్లటి ముద్ద ఉంటుంది. అది గుప్పెడు తీసుకుని తొట్టి నీళ్లలో వేసి గంటసేపు కలుపుతారు. కుడివైపు తిప్పి తిప్పి సుడి లేచాక ఒక్కసారిగా ఎడమవైపు తిప్పుతారు, మళ్లీ కుడి. పొద్దు వాలాక ఆ నీళ్లు చేలో చిలకరిస్తారు. ఏ పని ఎప్పుడు చేయాలో చంద్రుణ్ణి అడిగి చేస్తారు. పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చి ఆ తొట్టి చుట్టూ నిలబడి, ఇది సైన్సా కాదా అని గొంతులు చించుకోవడం నేను చూశాను. వాళ్లకూ తేలలేదు, నాకూ తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ నీళ్లు పడిన మర్నాడు మట్టిలో వానపాములు కదిలేవి, నా తీగ వేళ్లకు ఒళ్లు విరుచుకోవాలనిపించేది. తెలియనివాటి ముందు నోరు మూసుకుని నిలబడటంలో ఒక సుఖముంది, దాన్ని మనుషులు ఎందుకు వదులుకుంటారో నాకు అర్థం కాదు.

ఆ తోట ఐలీన్ అనే ఆమెది. డెబ్బై రెండేళ్లు, గడకర్రలాంటి మనిషి. నలభై ఏళ్లుగా అక్కడి ప్రతి వైన్‌నూ ఆమె ముక్కే కలిపింది. నేను పీపాల్లో ఉన్న ఏడాది ఆమెకు జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకుపోయింది. మల్లెపూవు ముక్కుకు ఆనించినా, కిరసనాయిలు ఆనించినా ఆమెకు ఒకటే. నాలుక మిగిలింది గానీ, వాసన లేని నాలుకకు పులుపు, చేదు, వగరు తప్ప ఏమీ అందవు. ఒక ఉదయం పీపా మూత తీసి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె ఊపిరి నా మీద వెచ్చగా తగిలింది. నేను నాకున్న పరిమళమంతా కూడదీసుకుని ఆమెకిచ్చాను. ఆమె మూత పెట్టేసి, పీపాకు ఆనుకుని ఏడ్చింది.

ఈ సంగతి ఆమె ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరు వెంగమాంబ.

వెంగమాంబది నెల్లూరు జిల్లా, ఉదయగిరి దాపున ఒక పల్లె. కావలిలో బీయస్సీ చదివి, నెల్లూరులో పాలకేంద్రం ల్యాబులో పనిచేసి, పై చదువు కోసం ఈ దేశం వచ్చి, ఐలీన్ తోటలో పరీక్షల గదిలో చేరింది. పదమూడేళ్లయింది. మధ్యలో పెళ్లయింది, పొసగలేదు, విడిపోయింది, అది నా కథ కాదు. అక్కడివాళ్లు ఆమె పేరు పలకలేక వెంగా అన్నారు. పాలు విరగబోతున్నాయని మీటరు చెప్పకముందే ముక్కుతో చెప్పిన మనిషి ఆమె. నా పీపాల వరుసలో నడుచుకుంటూ పోయి, నాలుగోదాని దగ్గర ఆగి, "ఇది అలిగింది" అనేది. నిజమే, అలిగి ఉండేది.

అయితే ఆమెకొక వింత అలవాటు. మోచేతుల దాకా నీలం రబ్బరు తొడుగులు లేకుండా నా దగ్గరికి వచ్చేది కాదు. నన్ను నాలుక మీద వేసుకోవడం మాట దేవుడెరుగు, చిటికెన వేలి మీద కూడా ఒక చుక్క పడనిచ్చేది కాదు. పొరపాటున చొక్కా మీద చిందితే పరుగెత్తుకెళ్లి మార్చుకునేది. తోటివాళ్లు నవ్వేవారు. ఆమెకు నేనంటే ఎలర్జీ అనుకునేవారు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, చిన్నతనంగా ఉండేది.

కారణం నాకు పీపాలో ఉండగానే తెలిసింది. పీపాకు చెవులెక్కడివంటారేమో, వెంగమాంబ పనిచేస్తూ ఐలీన్‌తో కబుర్లు చెబుతుంది. ఆమెకు ఏడేళ్లప్పుడు వాళ్ల జిల్లాలో ఆడవాళ్లు సారా వద్దని కొంగు బిగించారు. వాళ్ల పల్లెలో ముందు నడిచింది ఆమె తల్లి పెంచలమ్మ. భర్త సారాకొట్టు మెట్ల మీదే ప్రాణం వదిలిన ఏడాది అది. పెంచలమ్మ కుండలు పగలగొట్టింది, ప్యాకెట్లు తగలబెట్టింది, గడ్డివాముల్లో దాచిన సరుకును వాసనపట్టి బయటికి లాగింది. ఒకరోజు అలా పారబోసి ఇంటికొచ్చి, కూతురి చేయి తీసుకుని తన నెత్తిన పెట్టుకుని, "సారా ముట్టనని ఒట్టెయ్" అంది. "ముట్టను" అంది పిల్ల.

తెలుగులో ఆ మాటకు రెండర్థాలున్నాయి. పెద్దవాళ్లు ఒకటి అనుకున్నారు, ఏడేళ్ల పిల్ల రెండూ అనుకుంది. అమ్మ నెత్తి మీద వేసిన ఒట్టు తప్పితే అమ్మకేమవుతుందో పిల్లలకు బాగా తెలుసు. ఆ భయం పిల్లతో పాటు పెరిగి పెద్దదైంది, బీయస్సీ చదివింది, విమానమెక్కింది. వాసన గాలిది, గాలిని ముట్టినట్టు కాదు కదా అని మాత్రం ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ చిన్న సందులోంచే నేను పుట్టాను.

ఎలాగంటే, ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చున్నారు. ముందు ముప్ఫై ఒక్క గ్లాసులు. ఒక్కోదాంట్లో మా ముగ్గురి పాళ్లు కొద్ది కొద్దిగా తేడా. వెంగమాంబ తొడుగుల చేత్తో గ్లాసు ఎత్తి వాసన చూసేది. ఐలీన్ అదే గ్లాసు తీసుకుని ఒక గుక్క నోట్లో వేసుకునేది. "వగరు ఎక్కువ, గట్టిగా పట్టేస్తోంది" అని ఈమె, "వాసన ఇంకా తలుపు తీయలేదు" అని ఆమె. తొమ్మిది రోజులు పట్టింది. ముక్కు ఒకరిది, నాలుక ఒకరిది, మధ్యలో ఒక్క బల్ల. ఇరవై ఏడో గ్లాసు దగ్గర ఇద్దరూ మాట్లాడటం ఆపేశారు. ఆ గ్లాసులో ఉన్నది నేనే. వెంగమాంబ తన నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంది: "నేరేడుపండు, ఎండబెట్టిన పొగాకు, కొత్త కుండ, సున్నం వేసిన గోడ మీద తొలి చినుకు." రెండు సగం మనుషులు కలిసి ఒక నిండు వస్తువును చేయగలరని నేను చూశాను. అప్పటి నా విస్మయం ఇంకా తీరలేదు.

పెంచలమ్మకు ఇవేవీ తెలియవు. ఫోనులో కూతురు ఎప్పుడూ ద్రాక్షతోటలో పరీక్షల పని అనే చెప్పింది. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. నన్ను సీసాల్లో పోసి బిరడాలు బిగించి రెండేళ్లు పడుకోబెట్టారు. ఇక బయటికి తీసే వేళ దగ్గరపడుతుండగా, పెంచలమ్మ మూడు నెలలుండి పోవడానికి విమానమెక్కింది. కబురు తెలిసి మా సీసాలన్నీ బిక్కచచ్చిపోయాయి. అవును మరి, ఎన్ని కుండలు పగలగొట్టిందో లెక్కలేని మనిషి మా ఇంటికే వస్తోందాయె!

వచ్చిన వారానికే కొమ్ములు తవ్వే రోజు పడింది. పెంచలమ్మ చీర బిగించి, కూతురి ఉన్నికోటు పైన తొడుక్కుని చేలోకి వచ్చింది. ఐలీన్ మోకాళ్ల మీద కూర్చుని మట్టిలోంచి కొమ్ము తీసి, కొట్టి, నల్లముద్ద చేతిలో వేసుకుంది.

"ఓయమ్మ! తెల్లోళ్లు గూడా పేడ పిసుకుతారామే?" అంది పెంచలమ్మ.

"పిసుకుతారు మా. ఐలీన్‌కి ఇదంటే ప్రాణం."

"పెద్దామెని పేరుబెట్టి పిలస్తావా? సిగ్గులేకపోతే సరి." ఆమె ఐలీన్ వైపు తిరిగి, "నువ్వు లెయ్ అక్కయ్యా, నేను తీస్తా" అని కింద కూర్చుంది. ఐలీన్‌కు మాట అర్థం కాలేదు గానీ జరిగి చోటిచ్చింది.

తొట్టి దగ్గర పేచీ వచ్చింది. పెంచలమ్మ కర్ర పట్టుకుని కుడివైపు బ్రహ్మాండంగా తిప్పింది. ఎడమవైపు తిప్పమంటే ససేమిరా అంది. "అట్టా తిప్పకూడదమే, అప్రదచ్చిణం. ఎవురికి మంచిది?" అని కర్ర వదల్లేదు. ఐలీన్ నవ్వుతూ ఆమె చేతుల మీద చేతులు వేసి వెనక్కి తిప్పింది. లేచిన సుడి విరిగి, నీళ్లు తెల్లగా తన్నుకులాడి, క్షణం దిక్కుతోచక నిలబడి, మళ్లీ కొత్తగా లోతుగా సుడి తిరిగాయి. పెంచలమ్మ కళ్లార్పకుండా చూసింది. ఈసారి తనే ఎడమవైపు తిప్పింది. గంట నిండేదాకా ఇద్దరు ముసలమ్మలూ అటూ ఇటూ కలుపుతూనే ఉన్నారు. అంతదాకా బాగానే జరిగింది.

చేతులు కడుక్కుందామని పెంచలమ్మ దగ్గర్లో కనబడిన తలుపు తోసింది. అది పీపాల గది, మా సీసాలూ అక్కడే గోడవారన ఉన్నాయి. వెంగమాంబ లోపల తొడుగులతో నమూనా తీస్తోంది. ముసలామె గడపలోనే ఆగిపోయింది.

"ఏందిమే ఈ వాసన?"

"ద్రాక్షలు మా. పులుస్తాయి గదా."

"పులిసినదాన్ని ఏమంటారో నాకు నేర్పిస్తావా?" పెంచలమ్మ దగ్గరి పీపా మీద చేయి వేసి, వంగి, మూత సందున ముక్కు పెట్టింది. నా తర్వాత పుట్టిన తమ్ముడు ఉన్నాడు అందులో, పాపం వణికిపోయి ఉంటాడు. ఆమె గొంతు పెంచలేదు. "సారా" అంది.

"వైన్ మా. సారా వేరు, ఇది వేరు."

"మీ నాయన గూడా అదే చెప్పేవోడు. ఇది వేరే సరుకు పెంచలా, ఇది ఒంటికి మంచిది అని."

వెంగమాంబ రెండు చేతులూ ముందుకు చాపింది. "ఒట్టు తప్పలేదు మా. చూడు. పదమూడేండ్లుగా ఒక్క చుక్క ఒంటికి తగలనీలేదు. తాగలేదు, ముట్టలేదు. దేనికైనా ప్రమాణం చేస్తా."

పెంచలమ్మ ఆ నీలం తొడుగులను కిందికీ మీదికీ చూసింది. అర్థమయ్యేసరికి ముఖమంతా మారిపోయింది. "నోట్లో బోసుకోవద్దంటే చేతులకి తొడుక్కుంటివా? పిచ్చిదానా! తీయిమే." తనే పట్టి లాగేసింది. లోపలి చేతులు చెమటకు నాని, తెల్లబడి, వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి ఉన్నాయి. ఆ చేతులను ఆమె తన చెంపలకు అదుముకుని వలవలా ఏడ్చింది. "ఏడేండ్ల బిడ్డతో ఎంత మాట అనిపిస్తిని. నేను జెప్పింది తాగొద్దని. ముట్టుకుంటే చచ్చిపోతానని కాదుమే."

ఇద్దరూ ఏడ్చారు. నేను చెమ్మగిల్లడం తప్ప ఏం చేయగలను? ఇక మేం గట్టెక్కినట్టే అనుకున్నాను. అంత తేలిగ్గా వదిలితే ఆమె పెంచలమ్మ ఎందుకవుతుంది? కొంగుతో ముఖం తుడుచుకుని గట్టిగా నిలబడింది.

"చేతులకి ఒట్టు లేదు, అయిపోయింది. కానీ నువ్వు చేసే పని మంచిదని నేనన్లా. దీన్ని తాగేవోళ్లని నేను చూడాల. మూడు దినాలు కూర్చుని చూస్తా. చూసినాక వొద్దంటే, నాతో వచ్చేస్తావా?"

వెంగమాంబ పీపాల వరుస వైపు చూసింది. ఆ గదిలో ఏ పీపా ఎప్పుడు అలుగుతుందో తెలిసిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. "వచ్చేస్తా మా" అంది. ఈ సంగతి చెబితే ఐలీన్ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, "నువ్వు కూడా వెళ్లిపోతే నాకు రెండోసారి ముక్కు పోయినట్టే" అంది. కాని వెంగమాంబను ఆపే మాట ఒక్కటీ అనలేదు.

ఆ శుక్రవారమే నన్ను జనం ముందుకు తెచ్చారు. గట్టు మీద గాజు కిటికీల గది ఒకటుంది, రుచి చూసి పోయేవాళ్ల కోసం. పెంచలమ్మ గోడవారన కుర్చీ వేయించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాల్లో పంతులమ్మలా కూర్చుంది. వచ్చినవాళ్లు గ్లాసు తిప్పారు, దీపానికి ఎదురుగా పట్టి చూశారు, ముక్కు లోపల దూర్చారు, నన్ను పుక్కిలించారు, పక్కనున్న గిన్నెలో ఉమ్మేశారు.

"ఇంతదూరమొచ్చి ఉమ్మేస్తా ఉండారేందిమే!" పెంచలమ్మ నోరు నొక్కుకుంది. "నీ సరుకు బాగలేదా ఏంది?"

"బాగుందో లేదో చూడ్డానికే మా. మత్తు ఎక్కకుండా."

"హవ్వ! మీ నాయనకెవురూ ఈ ఉమ్మేది నేర్పించలేదు గదా."

శనివారం ఒక ముసలి జంట వచ్చి ఒకే గ్లాసు తీసుకుని, ఆయన ఒక గుక్క, ఆమె ఒక గుక్క, గంటసేపు సముద్రాన్ని చూస్తూ కూర్చుని, సగం వదిలేసి పోయారు. పెంచలమ్మ వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత కూతుర్ని పిలిచి, "ఏదీ, ఒకసారి ఇట్టా దే, తాగన్లే" అంది. వెంగమాంబ గ్లాసు ఆమె ముక్కు దగ్గర పట్టింది. గడ్డివాముల్లో సారాను పట్టిన ముక్కది. నేను ఊపిరి బిగబట్టాను.

"నేరేడుపండు," అందామె కళ్లు మూసుకుని. "పొగాకు బేళ్లు. ఇంకేందో ఉండాది... గోడకి సున్నం గొట్టినాక మింద చినుకు పడితే వస్తాదే, అది."

వెంగమాంబ వెళ్లి నోటుపుస్తకం తెచ్చి తెరిచి చూపింది. పెంచలమ్మ వయోజన విద్యలో నేర్చిన అక్షరాలు కూడబలుక్కుని చదివింది. రెండోసారి చదివింది. పుస్తకాన్ని చీరకొంగుతో తుడిచి తిరిగి ఇచ్చింది. నన్ను కలిపిన ముక్కు ఎక్కడి నుంచి వచ్చిందో నాకప్పుడు తెలిసింది. నా ప్రాణానికి గండమనుకున్న మనిషే నాకు అమ్మమ్మ వరస! ఆ పూట ఆ గదిలో ఉన్నవాళ్లెవరికీ తెలియని సంబరం నాది.

ఆదివారం మధ్యాహ్నం తెరిచిన సీసాలో ఉన్నదాన్ని నేనే. గదిలో జనం బాగా ఉన్నారు. ఒక భారీ మనిషి భార్యతో వచ్చాడు. నవ్వుముఖం, పెద్ద గొంతు, అందర్నీ పలకరిస్తాడు. అంతకుముందే ఇంకెక్కడో నాలుగు గ్లాసులు పట్టించి వచ్చాడని దగ్గరికి రాగానే నాకు తెలిసింది. వెంగమాంబ అవతలి బల్ల దగ్గరుంది. ఇవతల పోస్తున్న కొత్తమ్మాయి మొహమాటపడింది. ఆయన "నువ్వుండమ్మా" అంటూ సీసా తనే అందుకుని తనకు తనే పోసుకున్నాడు, మళ్లీ పోసుకున్నాడు. పొగిడాడు నన్ను, చాలా గొప్పగా పొగిడాడు. పక్కన ఆకుపచ్చ స్కార్ఫు కట్టుకున్న భార్య నవ్వుతూ ఉంది.

పెంచలమ్మ ఆమెనే చూస్తోంది. ఏం చూసిందో నేనూ చూశాను. ఆ భార్య భర్త ముఖం చూడటం లేదు, గ్లాసులో ఎంత ఉందో చూస్తోంది. ఎంత తగ్గింది, మళ్లీ ఎంత నిండింది, అంతే. ఆయన సముద్రాన్ని చూపించడానికి చేయి ఎత్తితే ఆమె భుజం దానంతటది పక్కకు తప్పుకుంది. నవ్వు మాత్రం చెదరలేదు.

పెంచలమ్మ లేచింది. తొందరేమీ లేదు ఆ నడకలో. పసివాడి చేతిలోంచి చాకు తీసుకున్నట్టు ఆయన చేతిలోంచి సీసా తీసుకుంది. ఆయన తమాషా అనుకుని నవ్వాడు. ఆమె తలుపు తోసుకుని బయటికి నడిచి, ఎర్రమట్టి పలచబడి తెల్లరాయి పైకి తేలిన చోట ఆగి, నన్ను తలకిందులుగా పట్టుకుంది.

ఆ క్షణం గురించి ఎలా చెప్పను! సీసా మెడలోంచి గుడగుడమని దూకాను. వెలుగు, గాలి, ఉప్పు, అన్నీ ఒక్కసారి తగిలాయి. ఆ రాయి నన్ను గుటగుటా తాగింది. గ్లాసు తిప్పలేదు, ఉమ్మలేదు, పొగడలేదు. మనుషుల నోళ్ల కోసం మూడున్నరేళ్లు తయారైన నాకు అంత దాహంగా నన్నెవరైనా తీసుకుంటారని తెలియదు.

లోపలి జనమంతా కిటికీల దగ్గరికి వచ్చారు. ఆ భారీ మనిషి నవ్వు పోయి బయటికొచ్చి అరిచాడు. "ఎవరీ ముసలిది? ఆమెకేం హక్కుంది? మేనేజర్‌ని పిలవండి!"

వెంగమాంబ పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. క్షమించండి అంటుందనుకున్నాను. ఇన్నాళ్లూ ఆమె నోట నేను ఎక్కువగా విన్న మాట అదే. ఆమె తల్లి భుజం మీద చేయి వేసింది. "ఆమె మా అమ్మ. ఆ వైన్ కలిపింది నేను. ఈ రోజు మీకు ఇంక పోయను." వెనక గడపలో ఐలీన్ నిలబడి ఉంది. నలభై ఏళ్లుగా ఆ తోటలో వైన్ కలిపేది తనేనని లోకమంతా అనుకునే మనిషి. అందరూ ఆమె వైపు చూశారు. "అవును, కలిపింది ఆమే" అంది ఐలీన్.

పెంచలమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. ఖాళీ సీసా చంకలో పెట్టుకుని, ఆ స్కార్ఫు ఆమె దగ్గరికి వెళ్లి, కారువైపు వేలు చూపి, తాళం తిప్పినట్టు చేత్తో చూపించింది. ఆవిడ ముందుకొచ్చి భర్త కోటు జేబులో చేయి పెట్టి తాళాలు తీసుకుని, తనే వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన గొణుక్కుంటూ పక్కన ఎక్కాడు. కారు వెళ్లిపోయింది. ఇంటికి చేరాక ఆమెకేమైందో నాకు తెలియదు. పెంచలమ్మకూ తెలియదు, ఆ సంగతి ఆమెను ఆ సాయంత్రమంతా పీకుతూనే ఉంది.

పొద్దువాలి జనం పోయాక తల్లీకూతుళ్లు నేను ఇంకిన చోటికి దగ్గర్లోనే రాతి మీద కూర్చున్నారు. వెంగమాంబ ముఖం కడుక్కుని వచ్చింది.

"మూడు దినాలూ అయిపోయినాయి మా. నువ్వు చెప్పకముందే చెప్తా ఉండా. సర్దుకుంటాను. ఐలీన్‌కి చెప్పేసినా."

"యాడికి బోతావు?"

"నీతో. అన్నా గదా."

పెంచలమ్మ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. "నువ్వు బోతే ఇది ఆగిపోతాదా? తీగలు కాయకుండా ఉంటాయా? తాగేవోళ్లు తాగుతానే ఉంటారు. ఆ గదిలో ఇంతమంది ఉండారు, ఒక్కరన్నా పచ్చగుడ్డ కట్టుకున్న ఆ బిడ్డ కండ్లు చూసినారా? నేను జూసినా. ఎందుకు జూసినా? నేను ఆ కండ్లతో పన్నెండేండ్లు బతికినా గాబట్టి. నేను ఎల్లకాలం ఈడ కుర్చీ ఏసుకుని కూర్చుంటానా?"

వెంగమాంబ తల్లి ముఖంలోకి చూసింది. పెంచలమ్మ ఇటు తిరగలేదు.

"ఆ పొద్దు మేము పారబోసింది వేరేవోళ్లు చేసిన సరుకు. అందుకే అది మళ్లా మళ్లా వచ్చింది. ఇది నువ్వు చేసింది. నువ్వు పొయ్యనంటే పొయ్యనే. ఉండు ఈడనే. ఎవురికి పొయ్యాల్నో చూసి పొయ్యి, ఎవురి కాడ గుంజుకోవాల్నో చూసి గుంజుకో. నేను నెత్తిన చెయ్యి పెట్టించుకోన్లే ఈసారి. నువ్వు జేస్తావని నాకు తెలుసు."

వెంగమాంబ ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. అప్పటికి నేను జానెడు లోతుకు దిగాను. వాళ్ల మాటలు పైనుంచి పలచగా వినిపించాయి, తర్వాత వినిపించలేదు.

నా తోడి సీసాలు ఎక్కడెక్కడికో వెళ్లాయి. పెద్ద పెద్ద బల్లల మీద తెరిచారట, నా గురించి రాసుకున్నారట, పొగిడారట. సంతోషమే. నేను మాత్రం ఇక్కడ, గవ్వల చీకట్లో, నింపాదిగా దిగుతున్నాను. ఉమ్మినవాళ్లూ పొగిడినవాళ్లూ కలిసి కొన్ని వందల నోళ్లకు తగిలి ఉంటాను. వాళ్ల ముఖం ఒక్కటీ జ్ఞాపకం లేదు. నన్ను పారబోసిన ఆ చేయి జ్ఞాపకముంది.